అంబాసిడర్‌కు కొత్త లైట్లు, నాచారంలో మూడు రోజులు

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసి మా వీధివాళ్ళు వరసపెట్టి అడిగారు, చార్మినార్ చూశారా, గోల్కొండ ఎక్కారా అని. ఏదీ చూడలేదు. నేను చూసింది ఉప్పల్ చౌరస్తా, నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు, నాగోల్‌లో ఒక కర్రీ పాయింటు. మూడు రోజులూ ఆ మూడింటి మధ్యే తిరిగాను. పనిగట్టుకుని అవి చూడ్డానికి ఎవరూ వెళ్ళరు కాబట్టి, వెళ్ళనివాళ్ళ కోసమే ఇదంతా రాస్తున్నాను.

నాకొక తెల్ల అంబాసిడర్ ఉంది. నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరిన కొత్తలో అది మా ఇంజనీరు గారి కారు. ఆయన బయటికి రాగానే పరుగెత్తుకెళ్ళి తలుపు తీసేవాణ్ణి. తర్వాత ఆఫీసువాళ్ళు దాన్ని వేలానికి పెడితే, నలుగురూ నవ్వుతున్నా లెక్కచేయకుండా పాడుకున్నాను. అప్పట్నుంచీ అందులో ఒక్క ముక్క మార్చనివ్వలేదు. హారను, గడియారం, గుండ్రటి హెడ్‌లైట్లు అన్నీ దానితో పుట్టినవే. ఎవరైనా అడిగితే చాలు, "ఒరిజినలండీ" అని అరగంట ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి.

ఆ ఒరిజినల్ లైట్లు ఉత్త గుడ్డిదీపాలు. మార్చమని మా ఆవిడ విజయ పదేళ్ళు పోరింది. చెవిన పెట్టలేదు. రెండున్నరేళ్ళ కిందట ఖమ్మంలో పెళ్ళికి వెళ్ళి రాత్రిపూట తిరిగొస్తుంటే, వెనక దీపం లేకుండా రోడ్డు మీద ఆగిన గడ్డి ట్రాక్టరు ఒకటి మీదికి వెళ్ళేదాకా కనబడలేదు. విజయకు భుజం ఎముక విరిగింది. వైద్యానికని నాగోల్‌లో ఉన్న చెల్లెలు పద్మ ఇంటికి వెళ్ళింది. భుజం అతికింది, ఆవిడ మాత్రం తిరిగి రాలేదు. మాకు పిల్లలు లేరు, మధ్యలో నిలబడి సర్దిచెప్పేవాళ్ళూ లేరు.

లైట్లు మార్పించి, ఆవిణ్ణి ఎక్కించుకుని ఇంటికి తీసుకురావాలి. ఈ ప్రయాణం పెట్టుకున్నది అందుకే. మా గుడివాడలో మెకానిక్కులు లేరా అంటే ఉన్నారు. పెళ్ళిళ్ళకు కార్లు తిప్పే డ్రైవరొకడు మాటల్లో, నాచారంలో యాదగిరి అని ఒకాయన పాత కార్లు తప్ప ఇంకేవీ ముట్టుకోడని చెప్పాడు. నాచారం నాగోల్‌కు దగ్గరని తెలిశాక ఆ యాదగిరి మీద నాకు నమ్మకం మరీ కుదిరిపోయింది.

చీకటి పడకముందే

తెల్లవారాక బయల్దేరాను. పొద్దుగుంకేలోగా ఎక్కడున్నా బండి ఆపేయాలని ఒట్టు పెట్టుకున్నాను. హైవే మీద కుర్రకార్లన్నీ నన్ను దాటుకుంటూ పోతున్నాయి. కొందరు పక్కకొచ్చి, నెమ్మదించి, ఫోనుతో ఫొటో తీసుకుని మరీ పోయారు. సూర్యాపేటలో టీ తాగుతుంటే ఒక కుటుంబం వచ్చి, బానెట్ మీద చిన్నపిల్లను కూర్చోబెట్టి ఫొటో దిగుతామని అడిగింది. మామూలుగా అయితే గర్వంతో పొంగిపోయేవాణ్ణే. ఆ రోజు మాత్రం, పక్క సీటులో ఎవరూ లేకుండా అంత కారు వేసుకుని తిరుగుతున్నందుకు సిగ్గేసింది.

ఒంటిగంటకల్లా ఉప్పల్ చేరతాననుకున్నాను. చేరేసరికి మూడున్నర.

ఉప్పల్

ఉప్పల్ చౌరస్తాలో నా తల ప్రాణం తోకకొచ్చింది. నెత్తిమీద మెట్రో, పక్కన ఇంకా పూర్తికాని వంతెన స్తంభాలు, కింద బస్సులు, ఆటోలు. ఒకే చోట మూడుసార్లు తిరిగాను. మూడోసారికి బండి ఉడికిపోయి బానెట్ సందుల్లోంచి ఆవిరి కక్కింది. పక్కకు తీసి ఆపితే, మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి పక్కన ఆగింది. వాటిని అక్కడ మక్కకంకులంటారు. ఆ కాల్చే ఆమె ఏమీ అడక్కుండానే తన నీళ్ళ డబ్బా తెచ్చి చేతికిచ్చింది. బండి చల్లారేదాకా నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి ఒక కంకి కాల్చింది. ముప్పై రూపాయలు. నిమ్మకాయ మావైపులాగే, కారం మాత్రం మాకు రెండింతలు.

ఎక్కణ్ణుంచి వస్తున్నానో కనుక్కుని, కారును అటునుంచి ఇటు ఒకసారి చూసి అంది:

"ఇంత పెద్ద కార్ల ఒక్కనివే వచ్చినవా పెద్దనాయనా?"

పోయేటప్పుడు ఇద్దరం పోతామని చెప్పాను. అలా పైకి అనడం అదే మొదటిసారి. అన్నాక, ఆ మాట నిజమైపోతుందేమోనన్న ఆశ పుట్టి, అక్కడే తీసుకున్న లాడ్జి గదిలో సగం రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున టిఫిను బండి దగ్గర ఇడ్లీలోకి పల్లీ చట్నీయే పోశాడు. అల్లం పచ్చడి అడిగితే, నేను వేరే దేశం సరుకేదో అడిగినట్టు చూశాడు. అక్కడివాళ్ళకు వయసుతో నిమిత్తం లేదు, అందరూ అన్నలే. మావైపు పాతికేళ్ళవాడికైనా పేరు పక్కన గారు తగిలిస్తాం. ఆ బండివాడు నాకంటే ముప్పై ఏళ్ళు చిన్న, అయినా "ఏమన్న, ఇంకో రెండెయ్యాల్నా?" అంటే, చిత్రంగా ఆ పిలుపు బాగానే ఉంది.

లైట్లు ఉప్పల్లోనే కొన్నాను. ఆ దుకాణంలో నీలం వెలుగువి, చుట్టూ రంగుల వలయం తిరిగేవి, మిణుకు మిణుకుమనేవి, లేనివి లేవు. పెళ్ళి ఊరేగింపు కాదు బాబూ, రోడ్డు కనబడితే చాలని చెప్పి, మామూలు తెల్ల వెలుగున్న ఎల్ఈడీ జత తీసుకున్నాను. నాలుగువేల ఐదువందలు. అద్దం గుండ్రమే, కొలత పాతదే, దూరంనుంచి చూస్తే తేడా తెలియదు. చేతిలో పట్టుకుని చూస్తే ఎంత తేలిగ్గా ఉందో. దీనికోసమా పదేళ్ళు ఆవిణ్ణి విసిగించాను అనుకుంటే నామీద నాకే ఒళ్ళు మండింది.

నాచారం

మల్లాపూర్ వైపు పోయే దారిలో, మందుల ఫ్యాక్టరీలూ బిస్కట్ల వాసనా దాటాక, గోడల మధ్య సన్నటి సందు. చివర రేకుల షెడ్డు. యాదగిరికి నలభై ఐదుంటాయి. ఆలేరు దగ్గర పల్లె, పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే నిలబడిపోయాడు. నేను "యాదగిరి గారూ" అంటే నవ్వి, గారు గీరు వద్దు, అన్న అను చాలన్నాడు. నన్ను మాత్రం చివరిదాకా సారనే పిలిచాడు.

లైటు చుట్టూ ఉన్న మెరుపు రింగు ఊడదీసి, మూడు మరలు విప్పి, పాత దీపం బయటికి లాగాడు. వెనక వైరు పట్టుకుంటే పై తొడుగు పిండిలా రాలిపోయింది. దీపం లోపలి పళ్ళెం అద్దంలా ఉండాల్సింది, ఎర్రగా తుప్పుపట్టి ఉంది. దాన్ని వెలుతురుకు ఎత్తి నాకు చూపించాడు.

"గిదాంతోని రాత్రిపూట ఎట్ల నడిపినవ్ సార్?"

ఒరిజినలండీ అనడానికి నోరు రాలేదు. ఆ పాతవి ఉంచుకుంటారా అని అడిగితే వద్దన్నాను.

మధ్యాహ్నం దాకా కొత్త వైర్లు లాగాడు. పాత వైరుకే కొత్త లైటు తగిలించి పంపేస్తే కొన్నాళ్ళకు వణకడం మొదలుపెడుతుందట. బ్యాటరీ నుంచి నేరుగా వేరే వైరు, మధ్యలో స్విచ్చి మీద భారం పడకుండా రిలే, ఇనుముకు గట్టి ఎర్తు, ఇవన్నీ చేస్తేగాని స్విచ్చి వేయనివ్వనన్నాడు. భోజనానికి తన డబ్బాలోంచి సర్వపిండి సగం విరిచి నా చేతిలో పెట్టాడు. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు కలిపి గిన్నె అడుగునే అద్ది కాల్చిన రొట్టె. ఇంట్లో ఆవిడ చేసిందా అంటే, నేనే చేసిన, ఆమెకు ఇవాళ డ్యూటీ అన్నాడు. నాకు ఇప్పటికీ అన్నం వార్చడం సరిగ్గా రాదు. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

సాయంత్రానికి లైట్లు బిగిశాయి. ఇక వెలుగు సరిచేయడమే మిగిలింది. షెడ్డు చివర ఒక గోడ ఉంది, సున్నం వేసి, దానిమీద సుద్దతో గీతలు గీసి ఉన్నాయి. కారును పాతిక అడుగుల దూరంలో నిలబెట్టి, వెలుగు ఆ గీతకు ఎంత కింద పడాలో అంత కింద పడేలా మర తిప్పుతారు. అంతా సిద్ధం చేసుకుని, మర దగ్గర వంగినవాడల్లా లేచి నిలబడ్డాడు.

"పక్క సీట్ల ఎప్పటికి ఎవరు కూసుంటరు సార్?"

మా ఆవిడ, ఇప్పుడు నాగోల్‌లో చెల్లెలి దగ్గర ఉందన్నాను. అయితే ఆమెను తోలుకొచ్చి కూర్చోబెట్టమన్నాడు. ముందు స్ప్రింగులు మెత్తబడి ఉన్నాయట. మనిషి కూర్చుంటే ముక్కు కిందికి దిగుతుంది, లేస్తే పైకి లేస్తుంది. ఇద్దరి లెక్కకు పెట్టి ఒక్కడే పోతే వెలుగు పైకెగిరి ఎదురొచ్చేవాడి కళ్ళలో కొడుతుంది. ఒక్కడి లెక్కకు పెట్టి ఇద్దరు పోతే రోడ్డు దగ్గర్లోనే ఆగిపోతుంది. అతని దగ్గరికొచ్చిన వాళ్ళంతా భార్యనో, తమ్ముణ్ణో, ఎవరు రోజూ పక్కన కూర్చుంటే వాళ్ళను వెంటబెట్టుకునే వస్తారట. బియ్యం మూట పెడితే కుదరదా అని అడిగాను.

"అమ్మ నాగోల్ల ఉన్నదంటివి. ఇగో గీ పక్కనే గద సార్. మూట ఎందుకు, మనిషినే తోల్కరా."

ఇద్దరు పోతారా, ఒక్కరా, ముందు అది చెప్పమన్నాడు. ఇద్దరమే అన్నాను. కారు అక్కడే వదిలి లాడ్జికి నడిచి వచ్చాను. ఆవిడతో మాట్లాడి ఏడాదిన్నర అయింది. రేపు వెళ్ళి ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియలేదు.

నాగోల్

మావైపు కూరలు పొట్లాల్లో కొనుక్కుని అన్నం ఇంట్లో వండుకుంటారంటే వింతగా చూస్తారు. అక్కడ సందుకో కర్రీ పాయింటు. పద్మ, విజయ కలిసి నడిపేది కాలనీ మొదట్లోనే ఉంది. పదకొండింటికే ఆఫీసు పిల్లలు, హాస్టలు ఆడపిల్లలు, స్కూలు టీచర్లు. పప్పు ముప్పై, కూర నలభై. నేనూ వెళ్ళి వరుసలో నిలబడ్డాను.

విజయ వెనకవైపు పొయ్యి దగ్గర ఉంది. కుడి భుజం కొంచెం కిందికి జారి ఉంది. జుట్టు ముందువైపు తెల్లబడింది, రంగు వేయడం మానేసింది. గరిటె తిప్పుతూనే ఎవరితోనో "జర ఆగమ్మా, ఇస్తున్న" అంది. రెండున్నరేళ్ళలో ఆవిడ మాటకూడా ఈ ఊరిదైపోయింది. నాకు తెలియని ఎన్ని రోజులు గడిస్తే ఒక మనిషి మాట మారుతుంది!

ముందు పద్మే చూసింది. "బావగారూ" అని గబగబా లోపలికి తీసుకెళ్ళి, బల్ల మీద కంచం పెట్టి, అన్నం, దోసకాయ పప్పు వడ్డించింది. విజయ తిరిగి చూసి, భోజనం చేయండి ముందు, అని మళ్ళీ పొయ్యివైపు తిరిగింది.

పప్పులో వెల్లుల్లి తాలింపు. నాకు గిట్టదని మా ఇంట్లో ముప్పై ఏళ్ళు వెల్లుల్లి గడప తొక్కలేదు. ఆకలో, ఆవిడ చేయో, తాలింపో తెలియదు, కంచం ఊడ్చేశాను. రద్దీ తగ్గి ఎదురుగా కూర్చున్నాక, నీకు వెల్లుల్లి ఇష్టమా అని అడిగాను. ఎప్పుడూ ఇష్టమే అంది.

లైట్లు మార్పించానని చెప్పాను. కొత్త వైర్లు, కొత్త వెలుగు, ఇక చీకట్లో భయం లేదని, నాలుగు రోజులుగా బట్టీపట్టిందంతా గడగడా అప్పజెప్పాను. ఆవిడ చివరిదాకా విని, చెంగుతో చేతులు తుడుచుకుంది.

"నేను ఇంటికి రానిది లైట్ల గురించనుకుంటున్నారా? ఆ రాత్రి మీరు దిగి ముందు బంపరు చూశారు. నేను లోపల్నుంచి పిలుస్తూనే ఉన్నాను."

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళందరికీ, ఆ కంగారులో నాకేమీ వినపడలేదని చెప్పుకొచ్చాను. ఆసుపత్రిలో ఆవిడకూ అదే చెప్పాను. టార్చి వేసి బంపరు చూశాను, బానెట్ చూశాను, పగిలిన లైటు అద్దం ముక్కలు ఏరాను కూడా. అప్పుడు గాని ఆవిడవైపు తలుపు తీయలేదు. ఆ పగిలిన లైటుకు బదులు అలాంటిదే మళ్ళీ పాతది వెతికి తెచ్చి బిగించాను కూడాను. నాలాంటి మూర్ఖుణ్ణి ఏమనాలి?

"వినపడింది విజయా," అన్నాను.

పద్మ గిన్నెలు సర్దుతున్నట్టు బయటికి వెళ్ళిపోయింది. కాసేపటికి నేను, యాదగిరి ఏం చెప్పాడో, మనిషి కూర్చుంటేగాని వెలుగు నిలపడం కుదరదన్నాడని చెప్పాను. ఇంటికి రమ్మని అడగడానికి వచ్చినవాణ్ణి, ఒక్క అరగంట వచ్చి కూర్చోమని మాత్రం అడిగాను.

సాయంత్రం కూరలు పద్మ చూసుకుంటుందా అని కనుక్కుని, వస్తానంది. ఎవరినీ గుద్దకుండా మీరు ఇల్లు చేరాలిగా, అంది.

మళ్ళీ నాచారం

షేర్ ఆటోలో మా మధ్య ఒక కాలేజీ అమ్మాయి కూర్చుంది. హబ్సిగూడ మలుపులో ఆటో ఊగినప్పుడల్లా విజయ ఎడమచేత్తో కుడి భుజం పట్టుకోవడం ఆ అమ్మాయి పక్కనుంచి కనబడుతూనే ఉంది.

యాదగిరి ఆవిడకు నమస్కారం పెట్టి, సీటు గుడ్డతో తుడిచి తలుపు తీశాడు. ఆవిడ కారు దగ్గర కాసేపు ఆగింది. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. తర్వాత వచ్చి కూర్చుని తలుపు వేసుకుంది. కారు కొంచెం ఆవిడవైపు ఒరిగింది. రెండున్నరేళ్ళుగా ఆ సీటు మీద కూరగాయల సంచీ తప్ప ఏమీ కూర్చోలేదు.

షెడ్డు తలుపు దించాడు. స్విచ్చి వేయగానే గోడ తెల్లగా వెలిగిపోయింది. సున్నం మీద సన్నటి బీటలు, పాత సుద్ద గీతలు, మూలనున్న బల్లి, అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. "ఎంత వెలుగండీ!" అంది విజయ. యాదగిరి ముందు నిలబడి, ఒకసారి కుడి లైటు, ఒకసారి ఎడమ లైటు గుడ్డతో మూస్తూ మరలు తిప్పుతున్నాడు.

పావుగంట పట్టింది. ఆ పావుగంటలో ఆవిడ, పెరట్లో కరివేపాకు చెట్టు బతికే ఉందా అని అడిగింది. నీళ్ళు పోస్తున్నానన్నాను. వంట ఎవరు చేస్తున్నారంటే నేనే అన్నాను. ఏం చేస్తున్నారంటే, ఉప్మా అన్నాను. రోజూనా అంది. రోజూనే అన్నాను. ఆవిడ నవ్వింది. యాదగిరి అన్న ఇంకో పావుగంట ఆ మరలతో కుస్తీ పడితే బాగుండునని మనసులో దణ్ణం పెట్టుకున్నాను. నాకు ఈవిడ కావాలి. పేకాట స్నేహితులు కావాల్సినంతమంది ఉన్నారు, పలకరించే వీధి ఉంది, పింఛను ఉంది. ఏవీ ఈవిడ లేని లోటు ఒక్క పూట కూడా తీర్చలేదు. ఇంటికి వచ్చేయి అని అడుగుదామని గొంతు సవరించుకుంటుండగానే యాదగిరి చేతులు దులుపుకున్నాడు.

"అయిపోయింది సార్. ఇగ ఇద్దరు నిమ్మళంగ పోండ్రి."

విజయ తలుపు తీసుకుని దిగింది. దిగగానే కారు ముక్కు తేలింది, గోడమీద వెలుగు గీతను దాటి రెండు వేళ్ళు పైకి పోయింది. ఆవిడ దానివైపే చూసింది.

"ఒక్కరి లెక్కకే పెట్టన్నా," అంది యాదగిరితో. "ఆయన ఒక్కరే పోతరు."

యాదగిరి ఆవిణ్ణి చూసి, నన్ను చూశాడు. అతనికి ఇద్దరమని చెప్పింది నేను. ఇప్పుడు కాదని చెప్పాల్సిందీ నేనే. వాదించొచ్చు, బతిమాలొచ్చు, పరాయివాడి ముందు కాళ్ళు పట్టుకున్నా తప్పులేదు. కాని ఆవిడ ఆ రాత్రి నన్ను పిలిచినప్పుడు నేను వెళ్ళలేదు. ఇప్పుడు ఆవిడ చెప్పిన మాటైనా వినాలి.

పెట్టు అన్నాను.

అతను వంగి మళ్ళీ మర తిప్పాడు. వెలుగు మెల్లగా దిగి గీత కింద నిలిచింది. విజయ గోడ దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి చూసి, సరిపోయిందా అన్నా అని రెండుసార్లు అడిగింది. సరిపోయిందనిపించుకున్నాకే బయటికి నడిచింది. నాగోల్ దాకా దింపుతానంటే వద్దంది. ఆటో ఎక్కాక తల బయటికి పెట్టి, కోదాడ దాటాక రోడ్డు బాగాలేదట, చూసుకుని నడపండి అంది.

తిరుగు దారి

చౌటుప్పల్ దగ్గర పూర్తిగా చీకటి పడింది. నా జన్మలో అంత రోడ్డు ఎప్పుడూ చూడలేదు. తెల్ల గీతలు, రాళ్ళమీద అంకెలు, దూరంగా పక్కన ఆగిన ట్రాక్టరు కూడా ఎంతో ముందుగానే కనబడింది. అది దాటాక బండి పక్కకు ఆపి, కాసేపు స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని బయల్దేరాను.

సూర్యాపేట దాకా ఎన్ని లారీలు ఎదురొచ్చాయో లెక్కలేదు. నా వెలుగు కళ్ళలో పడిందని ఒక్క డ్రైవరూ విసుక్కోలేదు. యాదగిరి సరిగ్గా ఒక్కడికే పెట్టాడు.